ఒడువని నూనె

గోడాదరాలో మగ్గాల పనివాళ్లుండే ఒక గల్లీ. ఆదివారం పొద్దున. దేవదాస్ ఇంటి ముందు గోనెసంచి పరిచి, మోటార్ సైకిల్ పక్కన కూర్చున్నాడు. భార్య వినోద గడపలో బియ్యం ఏరుతోంది.

"కారేది రోజూ కారుతనే ఉన్నది. లోపలి నూనె మాత్రం ఒడుస్తలేదు, అయిపోతలేదు. ఇన్నేండ్ల సంది నాకు ఇదొక్కటే అనుమానం వినోదా."

"అనుమానం ఉంటే ఉండనీ. బండి నడుస్తున్నది గద."

"అదే అంటున్న. ఎట్ల నడుస్తున్నది? కింద చూడు, మరక ఎంత ఉన్నదో. మనం ఈ ఇంట్ల దిగినప్పుడు ఇక్కడ తెల్లటి బండలు ఉండె. రోజూ గిన్ని చుక్కలు పోతే నెలకు సీసెడు నూనె పోవాలె. నేనేమో దసరాకొక్కసారి మారుస్త, మల్ల పోసిందే లేదు. ఇంజన్ ఎండిపోయి పట్టెయ్యాలె. పట్టెయ్యలే."

"దేవుడు సల్లగ చూస్తున్నడు."

"చూస్తున్నడు. నేను కాదంటలేను. మగ్గాల కాడ అందరికీ చెప్పిన గూడ. మా నర్సింగం అయితే, నీది బండి కాదు దేవదాసూ, అక్షయపాత్ర అన్నడు."

"మరింకేంది?"

"అయినా అడుగుత. చూసేటోడే అయితే కారుడే బంద్ చెయ్యచ్చు గద? కారనిచ్చుడెందుకు, మల్ల నింపుడెందుకు? ఆయనకు డబుల్ పని."

"ఆదివారం రజా దొరికిందంటే నీకు గివే ముచ్చట్లు. పోయి జర కూరగాయలన్న తేరాదు?"

"ఇయ్యాల కూరగాయలు లేవు, ఏం లేవు. ఇయ్యాల ఇంజన్ ఊడదీసుడే. లోపల ఏమున్నదో చూసుడే. బోల్టులిప్పే ఆ పెద్ద పాన ఇటియ్యి."

"ఏ పెద్ద పాన?"

"దేవుని కాడ పెట్టింది. కుంకుమ బొట్టున్నది."

"అది పరుశురాంది."

"ఎవరిదో నాకు ఎరుకనే."

"బండి ఇచ్చిననాడు ఇక్కడ మర్చిపోయిండు. వాడు ఎన్నిసార్లు అడిగిండు. మెకానిక్‌కు పాన అంటే..."

"ఇస్త. పలిగిన బండి బావకు ఎందుకిచ్చినవో ముందు చెప్పుమను నీ తమ్మున్ని. ఆ తర్వాత పాన ఇస్త. అప్పటిదాక అది దేవుని కాడనే ఉంటది. దసరా దసరాకు పూజ అందుకుంటున్నది. వాని గ్యారేజ్‌ల ఉంటే దానికి గింత మర్యాద ఉండునా?"

"పలిగింది, పలిగింది అంటవ్. పగులు చూసినవా?"

"అందుకే ఇప్పుతున్న."

"గురువారం వాని గృహప్రవేశం పెట్టుకొని, ఆదివారమే ఇప్పాల్నా?"

"గురువారం ఉన్నది గనుకనే ఇప్పుతున్న. ఇగో, సాఫ్ చెప్తున్న. లోపల పగులు లేకుంటే తప్పు నాది. గురువారం నేనే ముందు తయారైత, నిన్ను ఎనుక కూసోబెట్టుకొని కామ్‌రేజ్ పోత. పగులు ఉంటే మాత్రం ఆ కొత్త ఇంటి గడప నేను తొక్క."

"మరి నేను?"

"నువ్వు... నీ ఇష్టం."

"నా ఇష్టం ఎట్లయితది? ఆడబిడ్డను. పాలు పొంగిచ్చేది నేను. అమ్మ లేదు, బాపు లేడు, వానికి పెద్దదిక్కంటే నేనొక్కదాన్నే. బావ ఏడి అని నలుగురు అడుగుతరు. ఏం చెప్పాలె నేను? ఆయన ఇంటికాడ బండి ఇప్పి కూసున్నడు అని చెప్పాల్నా?"

"ఉన్నదే చెప్పు."

"ఇగో, పాన. కాలు మీద పడేసుకోకు."

"కండ్లకద్దుకొని ఇయ్యద్దా? పూజలున్నది."

"నీ పూజ, నీ పాన. నువ్వే అద్దుకో."

"ఏందిర దేవదాసూ, పొద్దుగాలనే బండిని పక్కకు వంచినవ్? దాని పానం బాగలేదా?"

"రా పెద్దమ్మా. బండికి బాగనే ఉన్నది. నాకే బాగలేదు. కూసో. వినోదా, ఎల్లవ్వ పెద్దమ్మకు జర చాయ్ పొయ్యి."

"చాయ్ గీయ్ వద్దు బిడ్డా, ఇప్పుడే తాగొచ్చిన. నూనె తీస్తున్నవా? ఆగాగు, గిన్నె తెచ్చుకుంట."

"పెద్దమ్మా, అది ఇంజనాయిలు."

"అయితేంది? మీ బండి కింద కారింది తీసి మోకాళ్లకు రాసుకున్న గద, మొన్న చలికాలమంత మెట్లెక్కిన. డాక్టర్ మందుతోని కానిది దీనితోని అయింది. మహిమ ఉన్న నూనె."

"ఇన్నవా వినోదా? నేనొక్కన్నే కాదు, గల్లీ మొత్తం ఒప్పుకుంటున్నది."

"ఇన్న."

"ఇగ చూడండి. దసరాకు పోసింది. శివరాత్రి పోయింది, ఉగాది వస్తున్నది. ఇన్ని నెలల నూనె ఎట్ల రావాలె? బొగ్గు లెక్క రావాలె. అదిగో బోల్టు వదిలింది... పల్లెం జరుపు, పల్లెం జరుపు! అయ్యో."

"ఏమైంది?"

"పెద్దమ్మా, చూస్తున్నవా?"

"చూస్తున్న బిడ్డా. తేనె లెక్క ఉన్నది."

"తేనె కాదా మరి! కొత్త సీస మూత తీసి వంచినట్టు ఉన్నది. వినోదా, ఇటు రా. చూడు."

"నేనేం చూస్త. నూనె నూనె లెక్కనే ఉంటది."

"ఇంకోటి చూడు. నూనె పోసే మూత. దసరా సంది నేను ముట్టలే. జంగు పట్టి, బిగుసుకొని, పాన పెట్టినా రావద్దు. రెండు వేళ్లతోని తిప్పిన, వచ్చింది. ఎవరో రోజూ తిప్పుతున్నట్టు."

"బండి కదులుతది గద, దానంతటదే వదులైతది."

"అవునా?"

"నాకేం ఎరుక. నేను మెకానిక్‌నా?"

"మెకానిక్ అంటే యాదికొచ్చింది పిల్లా. నీ తమ్ముడు మా కొడుకు చిరంజీవి తోని నెలనెలా పచ్చడి సీస పంపుతడు గద. వీడు కామ్‌రేజ్ దిక్కు డ్యూటీకి పోయినందుకు నాకేం దొరికింది? పక్కింటోళ్లం, ఒక్కనాడు జర నాలికకు రాయవు."

"పచ్చడా? ఏ పచ్చడి పెద్దమ్మా?"

"నీకు తెల్వదా? గట్టి మూత సీస, పైన మూడు సంచులు చుట్టి, తాడు కట్టి పంపుతడు. మామిడికాయనా వినోదా, చింతకాయనా?"

"మామిడికాయ."

"నేనెన్నడు తినలే మరి."

"నువ్వు మా తమ్ముడు పంపిందంటే ముడ్తవా? అందుకే చెప్పలే. ఉప్పు ఎక్కువైంది, పారబోసిన."

"నెలనెలా ఉప్పు ఎక్కువైతదా?"

"వానికి చెయ్యి ఆగది పెద్దమ్మా."

"వాడు పెడతడా పచ్చడి? ఇంట్ల పెండ్లాం సుమన లేదా?"

"ఉన్నది. ఆమె మామిడికాయ కోస్తది, వాడు ఉప్పు పోస్తడు. ఇంక ఏమన్న అడగాల్నా? బియ్యంల ఒక్క రాయి ఏరనియ్యరు."

"కోపానికి రాకు. ఇప్పుడు నాకు సంగతి సమజైంది. తప్పు చేసినోడే గిట్ల సీసలు పంపుతడు. బావకు పలిగిన బండి ఇచ్చిన, అక్క నోరన్న మూద్దాం అని. మంచి మనసున్నోడైతే ఒకసారి పంపుతడు. నెలనెలా పంపుతున్నడంటే లోపల ఏదో గుచ్చుతున్నది వానికి."

"వాని మనసు సంగతి వాన్నే అడుగు."

"అడుగుత. ముందు ఇంజన్ ఈ పక్క మూత ఊడనీ. పెద్దమ్మా, ఈ బోల్టులు వరుసగ పెడుతున్న, కాలు తగలనియ్యకు. చిన్నది ఇటు, పెద్దది అటు. కలిసిపోతే మల్ల మా తమ్మున్నే పిలవాలె అంటది వినోద."

"నేనేమన్న?"

"అనలే. అంటవ్. ఇగో వచ్చింది. ప్యాకింగ్ చినగలే, బాగనే ఉన్నది. డీజిల్ గుడ్డ ఇయ్యి. ఎంత మడ్డి చూడు, ఇన్నేండ్ల దుమ్ము, నూనె కలిసి అంబలి లెక్క పట్టింది. గీకితే గాని పోదు. పెద్దమ్మా, జర పక్కకు జరుగు, ఎండ తగలనీ."

"ఎండకు చూస్తవేంది, గుడ్డు లెక్క?"

"సన్న పగులు ఉంటే ఎండకే కనబడ్తది... ఉన్నది!"

"ఏంది?"

"ఉన్నది వినోదా! పగులు! ఇగో, కింది అంచు కాడి నుంచి ఇట్ల పైకి పోయింది, ఎంటిక లెక్క. గోరు పెడితే తగుల్తున్నది. పెద్దమ్మా, నువ్వు సాక్షి."

"నాకు సరిగ కనబడ్తలేదు గని, ఉన్నదంటే ఉన్నదే."

"ఇన్నేండ్లు నన్ను పిచ్చోన్ని చేసిండ్రు. ‘పగులేంది బావా, ప్యాకింగ్ పోయింది కావచ్చు, ఒకసారి గ్యారేజ్‌కు తే, నేను చూస్త’ అన్నడు. తీసుకపోతే ఏం జేస్తుండె? లోపల లోపల లప్పం పెట్టి పంపుతుండె. ఫోన్ ఏది నాది?"

"ఎందుకు?"

"ఫోటో కొడ్త. పంపుత."

"ఇప్పుడే పంపకు. నీళ్లు తాగు, కడుక్కో, కూసో. మాపటికి చూద్దాం."

"మాపటికి అది మానిపోతదా? అడుగుతున్నది బావ, జవాబు చెప్పాల్సింది బామ్మర్ది. ఇగో, కొట్టిన. దగ్గరికెళ్లి ఇంకోటి. కింద రాస్త: ‘ఇదేంది?’ ఇంకేం రాయద్దు. ఒక్క మాట చాలు."

"పంపినవా?"

"రెండు టిక్కులు గూడ పడ్డయి."

"ఇగ నా పాలు పొంగినట్టే."

"నేనేం జెయ్యాలె? నేను చెప్పిందే చేస్తున్న. పగులు ఉంటే పోనన్న. పగులు ఉన్నది."

"బిడ్డా, ఆ మూత ఒక్కసారి ఇటు తే."

"చెయ్యికి మడ్డి అంటుతది పెద్దమ్మా."

"అంటనియ్యి. గీ పగులు మీద పచ్చగున్నదేంది?"

"మట్టి."

"మట్టి పచ్చగుంటదా? గుడ్డతోని మంచిగ తుడువు. ఆ... ఇది పసుపు."

"పసుపెందుకు ఉంటది?"

"నన్నడుగుతవేంది? నీ బండి. ఇదేంది, దారం లెక్క? పగుల్ల ఇరికింది. ఆగు, పిన్నీసుతోని తీస్త. ఇగో. పీచు. కొబ్బరిపీచు ఇది. ఇంజన్ల కొబ్బరిచెట్టు పెట్టుకున్నవా దేవదాసూ?"

"వినోదా."

"ఆ."

"నువ్వేం మాట్లాడవేంది?"

"బియ్యం ఏరుతున్న."

"అదే చాట ఎంతసేపు ఏరుతవ్?"

"రాళ్లు ఎక్కువున్నయి."

"పెద్దమ్మా, దసరాకు మీ బండికి కాయ ఎక్కడ కొడతరు?"

"టైరు ముందట రాయి పెట్టి, దాని మీద కొడతం. అందరు అట్లనే కొడతరు. నువ్వే వేరే. నువ్వే చెప్పినవ్ గద గల్లీల నిలబడి, ‘కాయను రాయి మీద కొడితే నీళ్లన్ని రోడ్డు తాగుతది, రోడ్డుకా మనం పూజ చేసేది? బండికి ఆనిచ్చి కొడితే బండికే ముడుతయి’ అని. మా చిరంజీవి బాపు ఇని, వీనికి బగ్గ భక్తి ఉన్నది అన్నడు."

"నేను చెప్పిన దాంట్ల తప్పేమున్నది?"

"తప్పని నేనంటనా? ఇంజన్‌కు ఆనిచ్చి పట్టుకుంటవ్. పూజ చేసిన పానతోని కొడతవ్. నీళ్లు ఇంజన్ మీదికెళ్లి కారుతుంటే అందరు దండం పెడతరు. నేను గూడ పెట్టిన."

"పాన తగిలేది కాయకు. ఇంజన్‌కు కాదు."

"కాయ పలిగినంక పాన ఆడనే ఆగుతదా?"

"వినోదా, నిన్నెవరు అడిగిండ్రు?"

"మాట్లాడవేంది అన్నవ్, మాట్లాడిన."

"ఒక్క దెబ్బకు ఇంత మందమైన మూత పలుగుతదా?"

"ఒక్కటా? అద్దం లెక్క తుడిచినవ్ గద, చూడు. ఆ సొట్టలేంది? ఒక్కో దసరాకు ఒక్కోటి. అన్నిటికంటె కింద ఉన్నది పెద్దది, అది మొదటి దసరాది. ఆనాడు కాయ ముదురుది, ఒక్క దెబ్బకు పలగలే. నువ్వు ‘జై మార్కండేయ’ అని చెయ్యి మొత్తం లేపి కొట్టినవ్. కాయ పలిగింది. బండి టక్కుమన్నది. తెల్లారి లేచి చూస్తే కింద మరక."

"మరి అప్పుడే చెప్పద్దా?"

"అప్పుడే చెప్పిన. ఏందో టక్కుమన్నది చూడయ్యా అన్న. పండుగ పూట ఎదురుమాట అనకు అన్నవ్."

"తెల్లారి చెప్పద్దా?"

"చెప్తామని వచ్చేసరికి నువ్వు మా తమ్మునికి ఫోన్ చేసి తిడుతున్నవ్. ఒక్కసారి వాని పేరు పెట్టినంక, దేవుడే దిగొచ్చి చెప్పినా నువ్వు ఇంటవా? వాడు అంటగట్టిండు, వాడు అంటగట్టిండు. ఇన్నేండ్లు నా చెవులు చిల్లులు పడ్డయి."

"బండికి ఏం కావద్దని కొట్టిన కాయ వినోదా."

"నాకు తెల్వదా?"

"ఆ కాయతోనే... ఏటేటా... నిష్ఠగ, ఒక్క పొద్దుండి కొట్టిన. అంత నిష్ఠగ కొట్టినప్పుడు ఆయన నా చెయ్యి జర ఆపచ్చు గద పెద్దమ్మా?"

"మగ్గం మీద పోగు తెగినప్పుడు నీ చెయ్యి అందుల పడకుంట ఆపిండు గద ఇన్నేండ్లు. నీ కొబ్బరికాయ గూడ ఆయనే పట్టుకోవాల్నా? నీకు కండ్లిచ్చిండు, చూసి కొట్టు."

"వినోదా, ఫోటో వాపస్ తీసుడు ఎట్ల?"

"నాకేం తెలుసు. నువ్వే పంపినవ్."

"దీని మీద వేలు పెట్టి నొక్కితే ఏదో వస్తది అంటరు... అయ్యో."

"ఏమైంది?"

"టిక్కులు నీలం తిరిగినయి. చూసిండు."

"చూడనీ."

"చేస్తున్నడు! ఫోన్ చేస్తున్నడు. నువ్వెత్తు."

"నీకు చేసిండు. ‘ఇదేంది’ అని అడిగింది నువ్వు."

"నా చేతికి మడ్డి ఉన్నది."

"సరే, నేను పట్టుకుంట. స్పీకర్ పెట్టిన. మాట్లాడు."

"బావా, బాగున్నరా? అక్క బాగున్నదా?"

"ఆ. బాగనే ఉన్నం."

"ఫోటో చూసిన."

"చూసినవా?"

"చూసిన. పగులు బానే ఉన్నది."

"ఉన్నది."

"బావా, నేనొక మాట చెప్త, కోపానికి రాకు. తప్పు నాదే కావచ్చు."

"ఏ తప్పు?"

"నేను బండి ఇచ్చినప్పుడు కొత్తగ గ్యారేజ్ పెట్టిన. చెయ్యి తిరగలే. అప్పుడే సన్న పగులు ఉన్నదో ఏమో, సరిగ చూడలేదు కావచ్చు. నువ్వు చెప్పినప్పుడే ఒప్పుకోవాల్సుండె. మాఫ్ చెయ్యి బావా. కొత్త మూత నేనే ఏస్త. ఆ బండి సంగతి నాకు వదిలిపెట్టు. గురువారం మాత్రం అక్కను తోలుకొని రా. అక్క చెయ్యి పడకుంటే పాలు పొయ్యి మీద పెట్టనంటున్నది సుమన. నువ్వు కోపంగనే రా, కోపంగనే కూసో. నలుగుట్ల నువ్వు కనబడితే చాలు నాకు."

"చూసినవా దేవదాసూ, పిల్లగాడు ఎంత..."

"పెద్దమ్మా, జర ఆగు. పరుశురాం."

"చెప్పు బావా."

"ఫోటోల పసుపు కనబడుతున్నదా?"

"ఏ పసుపు?"

"పగులు మీద. కింది అంచు కాడ."

"లేదు బావా. నా ఫోన్ పాతది, రంగులు సరిగ రావు."

"సొట్టలు?"

"సొట్టలా? నాకేం కనబడ్తలేవు."

"నాకు కనబడ్డయి బిడ్డా, అద్దాలు లేకున్నా! మెకానిక్‌వు నీకు కనబడయా?"

"ఎవరు, ఎల్లవ్వ పెద్దమ్మనా? బాగున్నవా పెద్దమ్మా? చిరంజీవి బాగున్నడా?"

"మాట మార్చకు పరుశురాం. నిజంగ కనబడ్తలేవా?"

"బావా, పెద్దోనివి. నువ్వు ఏది కనబడ్డదంటే అది కనబడ్డది. ఏది లేదంటే అది లేదు. గురువారం వస్తున్నవా?"

"నీ పాన ఒకటి నా దగ్గరున్నది."

"పానా? నాకు యాదికే లేదు."

"నీకు యాదికున్నది. నువ్వు అడిగినవ్, నేనియ్యలే. గురువారం తెస్తున్న."

"తే బావా. తే. అక్కా, ఇంటున్నవా? బావ పాన తెస్తుండట."

"ఇంటున్న. పెట్టేయ్. బియ్యం నానబెట్టేది ఉన్నది."

"మాఫ్ గీఫ్ అని ఇంకోసారి అనకు పరుశురాం. పెట్టేస్తున్న."

"ఏడుస్తున్నవా పిల్లా?"

"లేదు పెద్దమ్మా. బియ్యంల దుమ్ము."

"మరి బండి? ఇది ఇప్పుకొని కూసున్నవ్, గురువారం ఎట్ల పోతరు?"

"లప్పం పెట్టి బిగిస్త. కామ్‌రేజ్ దాక ఓర్చుకుంటది. నూనె సంగతి మనం చూసేదే లేదు గద, అదే నిండుతది."

"ఈసారికి పోసుకుందాం. మనమే తీసినం. పల్లెంల ఉన్నదే మల్ల పొయ్యి."

"పల్లెంల ఏది బిడ్డా? నా గిన్నెలకు ఒంపుకున్న."

గురువారం. కామ్‌రేజ్. పరుశురాం కొత్త ఇల్లు. పాలు పొంగాయి, చుట్టాలు ముందు గదిలో కూర్చున్నారు. వంటింటి గడప దగ్గర ముగ్గురే ఉన్నారు.

"బావా, కాయ మిగిలింది ఒకటి. ఈ గడపకు నువ్వే కొట్టాలె."

"రాయి ఏది?"

"రాయి ఎందుకు? గడపకే కొట్టు, కొత్తది, గట్టిది."

"వద్దు. రాయి తే. కాయను రాయి మీదనే కొట్టాలె."

"అట్లని ఎక్కడున్నది బావా?"

"ఎక్కడ లేదు. నేను చెప్తున్న."

"అక్కా, బావ బాగ మారిండు."

"మారలే. మీ గడప ఖరీదు ఎరుక ఆయనకు."

"నవ్వుండ్రి. ఇగో పరుశురాం, పట్టు."

"ఏంది బావా, కొత్త తువ్వాలల చుట్టినవ్? అరె, పాన!"

"తోమి తెచ్చిన. బొట్టు మాత్రం తుడవ బుద్ధి కాలే."

"ఇన్నేండ్లు పూజలున్నది. ఇప్పుడు దీనితోని బోల్టులు ఎట్ల ఇప్పాలె నేను?"

"ఇప్పు. దాని పని అదే. దానికి రాని పని చేపిచ్చింది నేను."

"ఊకో బావా."

"ఊకుంట. గని ఒక్క మాట. నువ్వు మెకానిక్‌వు, నిజం చెప్పు. పగులు ఎట్లొచ్చిందో నాకు తెలిసిపోయింది. అది నా చెయ్యి, దేవుని మీదికి తొయ్య. మరి నూనె? కారేది కారుతనే ఉన్నది, లోపల ఒడువలే. తీస్తే తేనె లెక్క ఉన్నది. ఇట్లాంటిది మీ మెకానిక్కులల్ల ఎవరన్న చూసిండ్రా?"

"నేనైతే చూడలే బావా."

"ఇన్నవా వినోదా? పగులు పెట్టింది నేను, నింపింది ఆయన. ఇన్నేండ్ల అనుమానం పోయింది నాకు."

"మంచిగైంది. తమ్మీ, ముందట చుట్టాలున్నరు, పోయి చూడు."

"పోత అక్కా. బావ ఏదో అడుగుతున్నడు..."

"అడిగిండు, జవాబు దొరికింది. పో."

"ఉండనీ వినోదా. పూర్తిగ చెప్పనీ. పరుశురాం, నేనొకటి అనుకున్న. కాయ ఇగ బండి మీద కొట్టేది లేదు. గంత మహిమ చూపెట్టినంక ఊకె ఉండుడు గూడ బాగుండదు. అందుకే వచ్చే సోమవారం సంది, పొద్దుమాపు ఇంజన్ మీద దీపం పెడ్త."

"దీపమా?"

"ఆ."

"ఇంజన్ మీదనా?"

"నూనె మూత కాడ. చిన్న ప్రమిద."

"బావా, పైన పెట్రోల్ ట్యాంకి ఉంటది."

"ఆయన చూసుకుంటడు. ఇన్నేండ్లు చూసుకోలేదా?"

"అక్కా!"

"నన్నేం చూస్తవ్?"

"నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా?"

"నాకు పాలకాడ పని ఉన్నది. నువ్వే చెప్పు."

"ఏంది? ఏం చెప్పేది? ఏందిరా ఇద్దరు గుసగుస?"

"ఏం లేదు బావా. పాన ముట్టింది, నీకు నాకు లెక్క సాఫ్. ఇగ నువ్వు ఆ దీపం పెట్టకు, నేను అక్కకు నెలనెలా పచ్చడి సీసల పంపే ఇంజనాయిలు బంద్ చేస్త."